పాత బాకీ ఉన్నా కొత్త ఖాతా వస్తుంది, కానీ ఏ బ్యాంకులో తెరవాలో చూసుకోండి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీది కావలి దగ్గర పల్లె. రొయ్యల సాగులో వరసగా దెబ్బ తగిలి పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు రెండూ కట్టలేక ఆపేశారు. ఇప్పుడు ముత్తుకూరు వైపు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, జీతం పడటానికి ఖాతా నంబరు అడుగుతున్నారు. అప్పున్న బ్యాంకు ఖాతాలో ఏది పడినా లాగేసుకుంటోంది. ఇంకో బ్యాంకులో ఉన్న ఖాతా మినిమం బ్యాలెన్స్ లేక మైనస్‌లోకి పోయింది. ఒక ప్రైవేటు బ్యాంకు యాప్‌లో అప్లై చేస్తే రిజెక్ట్ అని వచ్చింది. నెల్లూరులో ఒక బ్రాంచికి వెళ్తే కౌంటర్‌లో "మీ సిబిల్ బాగాలేదు" అని ఫారం వెనక్కి ఇచ్చేశారు. జీతం మా ఆవిడ ఖాతాలో వేయించుకోవాలా అని అడిగారు.

నేను ఒంగోలు, కొండపి, కావలి బ్రాంచిల్లో పనిచేసి రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. ఇలాంటి పరిస్థితిలో వచ్చిన వాళ్లకి ఖాతాలు తెరిచాను, బాకీ వసూళ్లూ చూశాను. రెండు వైపులా తెలిసిన మనిషిగా చెబుతున్నాను: మీకు ఖాతా వస్తుంది. టెన్షన్ పడాల్సిన పని లేదు. అయితే కనపడిన బ్యాంకులోకల్లా వెళ్లి అడగకండి. కాస్త చూసుకుని వెళ్లాలి.

మొదట సిబిల్ సంగతి. సిబిల్ అనేది మీరు తీసుకున్న అప్పుల చరిత్ర. మీకు అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి బ్యాంకు చూసుకునేది. సేవింగ్స్ ఖాతాలో బ్యాంకు మీకేమీ ఇవ్వడం లేదు, మీరే మీ డబ్బు బ్యాంకు దగ్గర దాచుకుంటున్నారు. సేవింగ్స్ ఖాతా తెరవాలంటే ఇంత స్కోరు ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదు. కావాల్సింది కేవైసీ: ఆధార్ లాంటి గుర్తింపు, పాన్ కార్డు, పాన్ లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం, ఫొటో. కొన్ని దేశాల్లో ఖాతాలు చెడగొట్టుకున్న వాళ్ల జాబితా వేరే ఉంటుంది, బ్యాంకులన్నీ దాన్ని చూసే ఖాతా ఇస్తాయి. అలాంటిది చదివి భయపడి ఉంటే వదిలేయండి, మన దగ్గర మామూలు బాకీదారులకు అలాంటి జాబితా లేదు.

మరి ఆ కౌంటర్‌లో ఎందుకలా అన్నారు? రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, అది మీ అప్పున్న బ్యాంకే అయి ఉండొచ్చు. అదేంటి, నేను వేరే బ్యాంకుకే కదా వెళ్లాను అంటారేమో. ఇక్కడే మన జిల్లాల్లో చాలామంది పొరబడుతున్నారు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. విజయా బ్యాంకు, దేనా బ్యాంకు 2019లోనే బ్యాంక్ ఆఫ్ బరోడా అయ్యాయి. ఐఎన్‌జీ వైశ్యా 2015లో కోటక్‌లోకి, లక్ష్మీ విలాస్ 2020 నవంబరులో డీబీఎస్‌లోకి పోయాయి. మనకు బాగా దగ్గరైన ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అంటే కొండపి ప్రగతి బ్రాంచిలో బాకీ ఉన్నవాడు శ్రీకాకుళంలో గ్రామీణ బ్యాంకు గడప తొక్కినా అదే బ్యాంకు. బోర్డు మారినంత మాత్రాన బాకీ పోదు, కొత్త పేరుతో వెంట వస్తుంది.

ఆ సంగతి కౌంటర్‌లో ఎలా బయటపడుతుందో చెబుతాను. ఆఫీసరు మీ ఆధార్ నంబరో పాన్ నంబరో కొట్టగానే, ఈ మనిషి ఇంతకు ముందే మన కస్టమరా అని సిస్టమ్ వెతుకుతుంది. ఒక బ్యాంకులో ఒక మనిషికి ఒకటే కస్టమర్ ఐడీ ఉండాలి. పాత ఐడీ దొరికితే దాని కింద మీ పేరున్న ఖాతాలన్నీ వరసగా వస్తాయి, మొండి బాకీ పక్కన ఎన్‌పీఏ అని కనపడుతుంది. అది చూసిన ఆఫీసరు కొత్త ఖాతా తెరవడానికి వెనకాడతాడు. మర్యాదకు "సిబిల్ బాగాలేదు" అని ఉంటాడు. మీకు ఏ సంబంధమూ లేని బ్యాంకులో ఇదంతా స్క్రీన్ మీదకు రాదు.

రెండో కారణం, మీ ముఖం చూసి క్రెడిట్ కార్డో ఇన్సూరెన్సో అంటగట్టాలని చూసి, కుదరక పంపేసి ఉండొచ్చు. అలా చేసే బ్రాంచిలు ఉన్నాయి, చెప్పడానికి నాకు బాధగానే ఉంది.

ఇక యాప్‌లో రిజెక్ట్ అయిందన్నారు కదా. దాన్ని వెంటనే పాత అప్పుకు ముడిపెట్టకండి. మన తెలుగువాళ్లకు యాప్‌లలో వచ్చే పెద్ద చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, పాన్‌లో చివర ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. మనిషి చూస్తే ఒక్కరే అని తెలుస్తుంది. యాప్‌కు తెలియదు. పాన్‌కు ఆధార్ లింక్ కాకపోయినా అంతే, పాన్ పనిచేయనిదిగా చూపిస్తుంది. ముందు ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే సరిచేయించుకుని, యాప్ జోలికి పోకుండా నేరుగా బ్రాంచికే వెళ్లండి.

ఇప్పుడు అసలు విషయం, ఏ బ్యాంకుకు వెళ్లాలి. అప్పు ఉన్న బ్యాంకు తప్ప ఏదైనా. దీనికి చట్టంలో కారణం ఉంది. బాకీ ఉన్న మనిషి డబ్బు తన దగ్గరే ఉంటే దాన్ని బాకీ కింద సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకుకు ఇచ్చే లీన్ హక్కు (బాకీ తీరేదాకా పట్టి ఉంచుకోవడం), దానితో పాటు సెట్-ఆఫ్ అనే హక్కు (బాకీ కింద సర్దుకోవడం), ఈ రెండూ మీరు లోన్ కాగితాల మీద సంతకం పెట్టినప్పుడే ఒప్పుకున్నవి. ఏ బ్రాంచి అయినా ఒకటే. జీరో బ్యాలెన్స్ ఖాతా అయినా మినహాయింపు లేదు. మీ ఖాతాలో పడిన డబ్బు పడినట్టే పోవడానికి కారణం ఇదే. అక్కడి మేనేజరుకు మీ మీద కక్ష ఏమీ లేదు, చాలాసార్లు సిస్టమే ఆటోమేటిక్‌గా కోసేస్తుంది. ఇంకో బ్యాంకుకు మీ డబ్బు మీద ఆ హక్కు లేదు. అక్కడ ఉన్న డబ్బు తీసుకోవాలంటే మీ పాత బ్యాంకు కోర్టుకు వెళ్లి ఆర్డరు తెచ్చుకోవాలి.

ఊళ్లో ఎవరికైనా హామీ సంతకం పెట్టి ఉంటే ఆ బ్యాంకును కూడా లెక్కలో వేసుకోండి. అసలు అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే హామీదారు ఖాతా మీదా అదే హక్కు ఉంటుంది. బంధువుల ట్రాక్టరు లోనుకో, పొగాకు కాల్చే బ్యారన్ లోనుకో ఎప్పుడో సంతకం పెట్టి మరిచిపోయిన వాళ్లు మన వైపు ఎంతమందో.

బ్రాంచికి వెళ్లాక ఏమడగాలి అంటే, "సేవింగ్స్ ఖాతా" అనకుండా "బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా కావాలి" అని పూర్తి పేరుతో అడగండి. కౌంటర్‌లో బీఎస్‌బీడీ అంటే అర్థమవుతుంది. 2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీన్ని అన్ని బ్యాంకులూ, ప్రైవేటువి కూడా, అందరికీ ఇవ్వాల్సిన మామూలు సేవ అని చెప్పింది. బీదవాళ్లకు మాత్రమే అన్నది అపోహ. మినిమం బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం, డబ్బు వేయడానికి లెక్క లేదు, తీయడం నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితం. ఒక నిబంధన ఉంది: ఆ బ్యాంకులో మీకు వేరే సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. జనధన్ ఖాతా కూడా ఈ కోవదే, దాంతో రూపే కార్డు మీద ప్రమాద బీమా వస్తుంది. మీకు జీతం వస్తుంది కాబట్టి తర్వాత కావాలంటే మామూలు ఖాతాగా మార్చుకోవచ్చు. ముందు తలుపు తెరుచుకోవడమే ముఖ్యం.

ఉద్యోగం ముత్తుకూరులో, ఆధార్ అడ్రస్ కావలి పల్లెలో అని కొన్ని బ్రాంచిలు "మా పరిధి కాదు, మీ ఊళ్లో తెరుచుకోండి" అంటాయి. ఆధార్‌తో కేవైసీ చేసినప్పుడు, ప్రస్తుతం ఉండే చోటు వేరైతే మీరే రాసి సంతకం పెట్టి ఇచ్చే డిక్లరేషన్ సరిపోతుందని నిబంధనల్లోనే ఉంది. ఆ మాట మెత్తగా చెప్పండి. కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ జిరాక్స్ కూడా చేతిలో పెట్టుకోండి. జీతం వచ్చే ఖాతా అంటే ఏ మేనేజరూ ఊరికే వదులుకోడు.

అయినా కాదంటే గొడవ పడకండి. "సరేనండీ, ఏ కారణంతో కుదరదో రాసి ఇవ్వండి" అని అడగండి. కేవైసీ నిబంధనల పేరుతో సామాన్యులకు, ముఖ్యంగా ఆర్థికంగా వెనకబడిన వాళ్లకు బ్యాంకు సేవ అందకుండా చేయకూడదని రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది. 2025 ఆగస్టులో ఇంకో మాట చేర్చింది: దరఖాస్తును ఆలోచించకుండా తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే కారణాన్ని సంబంధిత అధికారి నమోదు చేయాలి. ఈ ఒక్క మాట తెలిసినవాడని అనిపిస్తే చాలు, సగం బ్రాంచిల్లో ఫారం మళ్లీ చేతికొస్తుంది. రాకపోతే ఆ బ్యాంకు వెబ్‌సైట్‌లోనో, రాతపూర్వకంగానో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, సీఎంఎస్ అనే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేసి ఎలా పెట్టాలో తెలుసుకోవచ్చు.

జీతం తేదీ దగ్గర పడింది, ఇంత టైం లేదు అంటే పోస్టాఫీసు దారి ఉంది. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2018 నుంచి నడుస్తోంది. మీ ఊరి పోస్ట్‌మ్యాన్ ఫోనుతో, వేలిముద్ర పరికరంతో ఇంటికే వచ్చి ఖాతా తెరుస్తాడు. పేమెంట్స్ బ్యాంకు సొంతంగా అప్పులు ఇవ్వకూడదు కాబట్టి మీకు దానితో పాత బాకీ ఉండే ప్రశ్నే లేదు. రోజు చివరికి 2 లక్షలకు మించి నిల్వ ఉంచకూడదన్న హద్దు ఒకటుంది, జీతానికి అది అడ్డు కాదు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంటుంది, జీతం పడుతుంది. మన పల్లెల్లో ఇంత సుళువైన దారి ఉండి కూడా వాడుకోని వాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఖాతా తెరిచాక చాలామంది మరిచేది ఒకటి ఉంది. ప్రభుత్వం నుంచి ఆధార్ మీద పడే డబ్బు, పీఎం కిసాన్, గ్యాస్ సబ్సిడీ లాంటివి, ఏ ఖాతాకు వెళ్లాలో ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టికలో ఉంటుంది. ఆధార్‌ను ఎన్ని ఖాతాలకైనా ఇవ్వొచ్చు కానీ ఆ పట్టికలో ఉండేది ఒక్క బ్యాంకే, చివరిగా మీరు ఒప్పుకోలు ఇచ్చిన బ్యాంకు. మీ పాత బ్యాంకే అక్కడ ఉంటే పీఎం కిసాన్ డబ్బు అక్కడికే పోతుంది. కొత్త బ్యాంకులో ఫారం నింపేటప్పుడు ఆధార్ సీడింగ్, డీబీటీ అని ఉన్న గడి దగ్గర టిక్ పెట్టి, పాత బ్యాంకు పేరు రాసి సంతకం చేయండి. కొన్నాళ్లయ్యాక ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకు ఉందో కనపడుతుంది. మారకపోతే మళ్లీ అడగండి. కౌంటర్‌లో ఈ పని తరచూ పెండింగ్‌లో పడిపోతుంది.

మైనస్ ఖాతా గురించి. మినిమం బ్యాలెన్స్ లేదన్న జరిమానా వల్లనే సేవింగ్స్ ఖాతాను మైనస్‌లోకి తీసుకుపోకూడదని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది, 2015 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. కాబట్టి ఆ బ్యాంకుకు వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకుని వరసలు చూడండి. మినిమం బ్యాలెన్స్ చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటే, ఆ మేరకు వెనక్కి వేయమని అర్జీ రాయండి. "ఈసీఎస్ రిటర్న్", "నాచ్ రిటర్న్" అని ఉంటే అది వేరు: మీ ఈఎంఐ ఆ ఖాతా నుంచి కోయడానికి వచ్చి, డబ్బు లేక తిరిగిపోయిన ప్రతిసారీ వేసిన చార్జీ. దాన్ని మాఫీ చేయమని బతిమాలొచ్చు, హక్కుగా అడగలేం. ఎంతో తేలాక కట్టేసి ఖాతా మూయించి, మూసినట్టు కాగితం తీసుకోండి. ఇలా వదిలేసిన ఖాతా రెండేళ్లు ఎవరూ వాడకపోతే ఇనాపరేటివ్ అవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇనాపరేటివ్ ఖాతాల్లో మినిమం బ్యాలెన్స్ జరిమానా వేయకూడదు, మళ్లీ నడిపించుకోవడానికి చార్జీ తీసుకోకూడదు. ఆ సంగతి కూడా అడగండి.

భార్య ఖాతాలో జీతం వద్దు. ఆమె సహ రుణగ్రహీత గానీ హామీదారు గానీ కాకపోతే ఆమె ఖాతాను మీ బాకీ కోసం ముట్టుకోలేరు, అది నిజమే. కానీ మీ జీతం లెక్క మీ పేరున ఉండాలి. రేపు ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, పీఎఫ్ తీయాలన్నా, ఎప్పుడైనా లోను అడగాలన్నా అదే ఆధారం. స్నేహితుల ఖాతా అసలే వద్దు. ఇంకొకరి ఖాతాలో డబ్బులు తిప్పడం మొదలైతే అది ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ మధ్య మన జిల్లాల కుర్రాళ్లే కమీషన్‌కు ఆశపడి ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసి సైబర్ కేసుల్లో ఇరుక్కుంటున్నారు. పోలీసులు ఖాతా ఫ్రీజ్ చేస్తే అది సిబిల్ సమస్య కాదు. ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం అని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకుని అక్కడే తేల్చుకోవాలి. అది తేలకుండా ఇంకో బ్యాంకులో ఖాతా కోసం తిరగడం చిక్కును పెంచుతుంది.

"సిబిల్ క్లియర్ చేస్తాం, ఇంత కట్టండి" అనే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఉన్న బాకీని రిపోర్టులోంచి ఎవరూ తీసేయలేరు. రిపోర్టు మీరే ఉచితంగా తెప్పించుకోవచ్చు, సిబిల్‌తో కలిపి ఇలా రిపోర్టు ఇచ్చే సంస్థలు నాలుగు ఉన్నాయి, ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో మీది కాని అప్పు ఉన్నా, కట్టేసింది ఇంకా బాకీగా కనపడినా ఫిర్యాదు పెడితే 30 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.

తమ్ముడూ, ఇంకొక్క మాట. కొత్త ఖాతా దొరికింది కదా అని పాత బాకీని గాలికొదిలేయకండి. వేరే బ్యాంకులో ఖాతా తెరవడం మీకు కాస్త ఊపిరి తీసుకునే వీలు ఇస్తుంది. జీతం మీ చేతికి వచ్చి, ఇల్లు గడిచాక ఎంత మిగులుతుందో తెలిసిన తర్వాత మీరే ఆ బ్యాంకుకు వెళ్లండి. వసూలు చేసే సీట్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, తనంతట తాను వచ్చి కూర్చున్న బాకీదారుతో మాట్లాడే తీరే వేరు. ఒకేసారి కట్టే ఓటీఎస్ ఎంతకు ఒప్పుకుంటారో అడగండి. ఒప్పుకున్నది లెటర్‌హెడ్ మీద రాకుండా డబ్బు కట్టకండి, ఫోనులో రికవరీ ఏజెంటు చెప్పిన లెక్కకు విలువ లేదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. నెల్లూరు కోర్టులో జాతీయ లోక్ అదాలత్ జరిగే రోజుల్లో బ్యాంకులు బాకీ కేసులు తెచ్చి కూర్చుంటాయి, కేసు వేయకముందు ఉన్నవి కూడా. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. తక్కువకు తెగ్గొట్టుకుంటే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, మొత్తం కడితే "క్లోజ్డ్". ఇల్లు కట్టుకునే ఆలోచన ఉంటే రెండోది మేలు, లేకపోతే మొదటిదైనా బరువు దింపుతుంది. ఏదైనా నో డ్యూ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా వదలకండి.

మీ పర్సనల్ లోన్ ఏ బ్యాంకుది, క్రెడిట్ కార్డు ఏ బ్యాంకుది, ఎవరికైనా హామీ సంతకం ఉందా, ఈ మూడు చెప్పండి. నెల్లూరులో ఏ బ్యాంకులకు వెళ్లకూడదో, ఏవి నిశ్చింతగా అడగొచ్చో వరసగా రాస్తాను. ఖాతా నంబరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు మాత్రం ఇక్కడ ఎవరికీ పెట్టకండి, నాకు కూడా.